జలవల్లి లోపలి రంగు

యుద్ధం ఆగిన నెలలో నా చేతిలో ఉన్నవి ఇవి. విశాఖ రేవు దగ్గర పాత ఓడ సామాన్ల కొట్టు, అందులో ఎనిమిది మంది పనివాళ్ళు. అండమాన్‌కు ఉల్లిపాయలు, గుడ్లు, సిమెంటు పంపి అక్కణ్ణుంచి కొబ్బరి, వక్క తెప్పించే వ్యాపారం. కాకపోతే సరుకు మోసే ఓడ లేదు, అద్దెకు తిరిగిన ఓడల్లో సగం సముద్రం అడుగున ఉన్నాయి. కనకవల్లి, నా భార్య. గోడమీద భార్గవ ఫోటో, మా ఒక్కగానొక్క కొడుకు. మూడేళ్ళుగా నాతో మాట్లాడని అన్న. లేదా నేను మాట్లాడని అన్న. ఎవరు ముందు మానేశారో ఆ లెక్క తేలలేదు.

అప్పుడు యుద్ధనౌకలు వేలానికి వచ్చాయి. నేను 'నలభై ఒకటి'ని కొన్నాను. దానికి పేరు లేదు, నంబరే. నలభై నుంచి నలభై ఆరు దాకా ఏడు ఓడలు ఒకే నమూనాలో కట్టారు. ఆ నమూనా గీసినవాడు మా అన్న విశ్వపతి. వాటిలో నలభై మూడో నంబరు ఓడలో మా భార్గవ పోయాడు.

"అదే ఎందుకు కొన్నారు?" అని వల్లి అడిగింది.

ధర తక్కువ అన్నాను. అది నిజమే. అదొక్కటే నిజమా అంటే చెప్పలేను.

భార్గవను ఆ ఓడలో వేయించింది అన్నే. "నా ఓడంత భద్రం ఇంకెక్కడా లేదు లింగం. శత్రువు కళ్ళెదురుగా పోయినా దొరకదు," అన్నాడు. ఎలా దొరకదో చెప్పలేదు, అది రహస్యం. ఏడాది తిరక్కుండా ఒక పేజీ ఉత్తరం వచ్చింది. సముద్రంలో మందుపాతర తగిలిందని, సోమలింగంగారి కుమారుడు తక్షణమే మరణించాడని. శవం రాలేదు. పదకొండో రోజుకు అన్న కూడా రాలేదు. ఆ రాకపోవడం నా గొంతులో ముల్లులా ఇరుక్కుంది.

యుద్ధనౌకను జనం ఎక్కే ఓడగా మార్చడం మేడను గోదాము చేసినంత తేలిక కాదు. అది సన్నగా, పొడుగ్గా ఉంటుంది; ఫిరంగులు తీసేస్తే తేలికైపోయి పక్కలకు ఊగుతుంది. తలుపులు మనిషి వంగి దూరే గుండ్రటి కంతలు. రెండు సంచులు, ఒక స్టీలు క్యారియరు పట్టుకున్న మన ఆడవాళ్ళు వాటిలోంచి దూరలేరు. వెడల్పు చేద్దామని ఎక్కడపడితే అక్కడ కోస్తే ఓడ నడుం విరుగుతుంది. ఎక్కడ కోయాలో గీసినవాడికే తెలుసు. పరీక్షకు వచ్చిన అధికారి ఆ మాటే ఖరారు చేశాడు: గీసినవాడి సంతకం ఉంటేనే లైసెన్సు, పైగా మొదటి ఏడాది అతను ప్రతి ప్రయాణంలో ఉండి ఊపు కొలవాలి.

అలా అన్న నా కింద పనికి కుదిరాడు. కుదిరాడే గాని మాట్లాడలేదు. రేవు పనివాళ్ళకు వండిపెట్టే మైలపల్లి పోలయ్య మా ఇద్దరి మధ్య తపాలా అయ్యాడు.

"పోలయ్యా, మీ యజమానికి చెప్పు. ఆ స్తంభం ముట్టుకుంటే ఓడ రెండు ముక్కలు," అన్న నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి అన్నాడు.

"పోలయ్యా, ఆ పెద్దమనిషిని అడుగు. మరి నూట నలభై మంది ఎలా పడుకోవాలట?"

పోలయ్య గరిటె పట్టుకుని ఇద్దరినీ చూశాడు. "నాను అన్నం వార్సుకోవాల బావూ. మీ ఇద్దరికీ సెవులు బాగానే ఉన్నాయి కదేటి?"

ఐదు నెలల్లో పని అయింది. గుండ్లు దాచిన గది గుడ్లకూ ఉల్లిపాయలకూ సరిపోయింది. ఊగకుండా అడుగున సిమెంటు దిమ్మలు పోయించాడు అన్న. నాలుగు ఇంజన్లలో రెండు తీసి అమ్మేశాను. ఓడ బయటి రంగును మాత్రం వేలానికి ముందే నౌకాదళంవాళ్ళు మంటపెట్టి కాల్చి, ఇనుము కనిపించేదాకా గీకించి ఇచ్చారు. ఎందుకని అడిగితే నియమం అన్నారు.

ముందుభాగంలో రేకు అతికి మూసేసిన చిన్న కొట్టు ఒకటి ఉంది. కోయించి చూస్తే ఇరవై మూడు డ్రమ్ములు. బూడిదరంగు, చిక్కగా, సీలు తియ్యనిది. చేత్తో ముట్టుకుంటేనే తెలిసింది, మేలు సరుకు. ఓడలో ఉన్నదంతా ఓడతో పాటే అని వేలం కాగితంలో ఉంది. మంచి రంగు పారబోసే ఇల్లు కాదు మాది. దానిలో తెలుపు కలిపించి, కాస్త పచ్చ వేయించి, జనం ఉండే హాలుకూ నడవాలకూ క్యాబిన్లకూ భోజనాల గదికీ కొట్టించమన్నాను. డ్రమ్ములు అక్కడితో అయిపోయాయి. వంటగదికి టైల్సు, కెప్టెన్ వైపూ ఇంజన్ వైపూ బజారు సున్నపు తెలుపు.

అన్నకు చెప్పలేదు. మాటల్లేని మనిషికి రంగు డబ్బాల సంగతి ఎవరు చెబుతారు?

రంగు వేసినవాళ్ళు మర్నాడు బ్రష్షులు పట్టుకుని వచ్చి, "ఎక్కడ మొదలెట్టమంటారు?" అన్నారు. అప్పటికే రెండు గదులు అయిపోయి ఉన్నాయి. తాగి వచ్చారని తిట్టాను. పని పూర్తయ్యాక చూసి బిల్లు మీద సంతకం పెట్టాను. సంతకం ఉంది. చూసినట్టు మాత్రం నాకు ఎంత తలగోక్కున్నా గుర్తు రాలేదు.

ఓడకు 'జలవల్లి' అని భార్య పేరు కలిపి పెట్టాను. పోర్ట్‌బ్లెయిర్‌కు మూడు రోజుల దారి. మొదటి ప్రయాణం దిగి, అక్కడి లాడ్జిలో నిద్రపోయి లేచాను. విశాఖలో మెట్లెక్కడం గుర్తుంది. పోర్ట్‌బ్లెయిర్ బజారులో లాడ్జి వెతుక్కోవడం గుర్తుంది. మధ్యలో మూడు రోజులు లేవు. పుస్తకం తీసి చూశాను. డీజిలు ఎంత, గాలి ఎటు, గుడ్లు ఆరు వందలు పగిలినవి. నా రాతే, నా సిరానే. రాసినట్టు తెలియదు. వాంతులకు వేసుకున్న మాత్ర మత్తు అనుకున్నాను.

ఇంటి మాట కొట్టు పుస్తకంలో రాయకూడదని మా నాన్న పెట్టిన నియమం. ఇంట్లో పెళ్ళి జరిగినా చావు జరిగినా ఆ పుస్తకంలో 'కొట్టు మూసినాము' అని మాత్రమే ఉంటుంది. ఆ నియమం నేనూ తప్పలేదు. తప్పి ఉంటే ఈ కథ మొదటి ప్రయాణంలోనే అయిపోయేది.

జనమూ నాలాగే ఉన్నారు. పొద్దున్నే ఒక ముసలాయన అదే పెట్టె, అదే సంచి పట్టుకుని రేవుకు వచ్చి, "బాబూ, ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది?" అన్నాడు. నిన్ననే దిగారండీ అంటే నన్ను పైనుంచి కిందికి చూశాడు. వాంతులు చేసుకున్నవాడికి వాంతి గుర్తులేదు, జేబులో పిండేసిన నిమ్మచెక్క మాత్రం ఉంది. పక్కవాడితో సీటు కోసం కొట్టుకున్నవాడికి మోచేతి మీద గాయం ఉంది, గొడవ లేదు. సముద్రం పడనివాళ్ళంతా 'హాయి ఓడ' అని పేరు పెట్టి నా కొట్టు ముందు వరస కట్టారు. రెండో నెలకే టిక్కెట్లు దొరకలేదు.

ఫిర్యాదు ఒక్కటీ రాని వ్యాపారంలో ఎక్కడో చిల్లు ఉంటుంది. అది తెలిసినవాణ్ణే. వెతకలేదు.

వల్లికి మాత్రం ఏదో తట్టింది. దిగాక సరుకు లెక్క చూసి నేను ఇల్లు చేరేసరికి అయిదారు గంటలు అయ్యేది. "ఓడ దిగి వచ్చిన రోజు మీరు పడుకుంటే కదలరు. భార్గవ పోయాక మీరలా పడుకోవడం ఇదే మొదలు."

"అలసట."

"కళ్ళెందుకు వాచాయి మరి?"

"ఉప్పు గాలి."

"బావగారికీ వాచాయి. కూరల బజార్లో కనిపించారు. ఏమిటండీ అంటే ఆయనకీ తెలీదట. మీ అన్నదమ్ములకు ఒకే గాలి తగిలినట్టుంది."

నేను మాట మార్చాను.

ఐదో నెలలో రెండు కుటుంబాలు కలిసి కొట్టు మీదికి వచ్చాయి. పలాసవాళ్ళు ఆడపిల్లవైపు, పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డ శ్రీకాకుళంవాళ్ళు మగపిల్లవాడివైపు.

"మీ ఓడలో మా అమ్మాయికి తాంబూలాలు పుచ్చుకున్నారా, లేదా? అది తేల్చండి ముందు," అన్నాడు పిల్ల తండ్రి.

"నన్నడుగుతారేమిటండీ?"

"మరెవర్ని అడగమంటారు? మా సంచిలో ఎవరిదో పట్టుచీర ఉంది. ఎవరిచ్చారో తెలీదు."

పిల్లవాడి తల్లి చేతులు తిప్పింది. "ముహూర్తం కాగితం మీద మా ఆయన సంతకం ఉందండీ! నన్నడక్కుండా కరెంటు బిల్లు మీద కూడా సంతకం పెట్టని మనిషి!"

"నేను పెట్టలేదే," అన్నాడాయన. "పెట్టాననుకుంటా."

పిల్ల ముందుకొచ్చి ఫోను నా బల్ల మీద పెట్టింది. ఫోటోలో అందరూ ఉన్నారు. పళ్ళెం చేతులు మారుతోంది. అందరూ నవ్వుతున్నారు. "ఇందులో నేను ఒప్పుకున్నట్టే ఉన్నానండీ," అంది ఆ అమ్మాయి. "కానీ ఎందుకు ఒప్పుకున్నానో తెలీడం లేదు."

నేను వాళ్ళను చూడటం లేదు. ఫోటోలో వాళ్ళ వెనక, ఓడ వంటగది కిటికీ పక్కన, యజమాని కోసం వేయించిన చిన్న బల్ల ఉంది. దాని దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు కూర్చున్నారు. ఒకరి తల ఇంకొకరి భుజం మీద ఉంది. ఆ భుజం నాది. నా చెయ్యి అన్న వీపు మీద ఉంది. ఊరికే ఆనించిన చెయ్యి కాదు, నిమురుతున్న చెయ్యి.

వాళ్ళను ఏదో చెప్పి పంపించేసి పోలయ్యను పిలిపించాను. ఇప్పుడతను ఓడ వంటవాడు. ఆ అమ్మాయి నా ఫోనుకు పంపిన ఫోటో చూపించాను.

"ఇదేమిటి పోలయ్యా?"

"ఏటేటి బావూ, మీరిద్దరే కదా."

"మేమిద్దరం ఎప్పుడిలా కూర్చున్నాం?"

అతను నాకు జ్వరమేమో అన్నట్టు చూశాడు. "ఎప్పుడేటి? పెతీపాలీ. ఎల్లినప్పుడొకపాలి, వచ్చినప్పుడొకపాలి. అయిదు ట్రిప్పులయ్యాయి, పదిపాల్లు."

నేను కుర్చీలో కూర్చున్నాను. "మొదట్నుంచీ చెప్పు."

"మొదటిరోజు మొకాలు సూసుకోరు. రెండోరోజు తిట్టుకుంటారు, నా కిటికీ కాడే. మూడోరోజు పెద్దబావు పక్కగోడ గోరుతో గీకి ఏలు వాసన సూత్తారు. ఒక నవ్వు నవ్వుతారు. 'ఇది నిలవదు లింగం' అంటారు. అప్పుడు సెప్పడం మొదలెడతారు."

"ఏం చెబుతాడు?"

"బార్గవబావు పేరు ఇనపడతాది. మిగతాది నా ఫేను సప్పుడులో పోతాది. మీరు బల్లమీద గట్టిగా గుద్దుతారు, గ్లాసులు ఎగురుతాయి. కాసేపటికి ఇదిగో, ఇలాగ. దిగినప్పుడు సెయ్యీ సెయ్యీ పట్టుకుని దిగుతారు. మర్నాడు ఎక్కినప్పుడు ఆయన ఆ మెట్లమీద, మీరు ఈ మెట్లమీద."

"ఐదు నెలలుగా చూస్తూ నాకొక్క ముక్క చెప్పలేదేం?"

"తాగినోలు ఏడుత్తారు, తెల్లారి మరిసిపోతారు. పెద్దింటోలు, ఏదో మంచి సరుకే తాగుతున్నారనుకున్నాను బావూ."

నవ్వాలో తన్నాలో తెలియలేదు. నా కొడుకు గురించి నాకు తెలియనిదేదో అన్న నాకు పదిసార్లు చెప్పాడు. పదిసార్లు విన్నాను. పదిసార్లు ఆయన్ను దగ్గరకు తీసుకున్నాను. పదిసార్లు దిగుమతి అయిన సరుకు, గోదాము తెరిస్తే ఒక్క బస్తా లేదు. నాకిప్పుడు కావలసింది ఒక్కటే: ఆ చెప్పిందేమిటో.

మల్కాపురంలో అన్న అద్దెగదికి వెళ్ళాను. ఆయన తలుపు తీసి, పోలయ్య వచ్చాడేమోనని నా వెనక చూశాడు. ఎవరూ లేరు. ఫోను చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. తరవాత దాదాపు నాలుగేళ్ళలో మొదటిసారి, నాకు గుర్తున్నంతలో మొదటిసారి, నాతో మాట్లాడాడు.

"లోపల ఏం రంగు వేశావు?"

"ముందు కొట్టులో ఇరవై మూడు డ్రమ్ములు దొరికాయి."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. "ఆ కొట్టుకు అడ్డంగా రేకు అతికించింది నేనేరా. అది కూడా కాల్చేశారనుకున్నాను." తల పట్టుకుని, చివరికి నవ్వాడు. "దేశమంతటిలో ఆ రంగు పారబొయ్యకుండా గోడలకు కొట్టించేవాడు ఒక్కడే ఉంటాడు."

"అది ఏం చేస్తుంది?"

"తడిగా ఉన్నప్పుడు ఏమీ చెయ్యదు. ఆరాక, చూస్తున్నంతసేపూ ఏమీ చెయ్యదు. కళ్ళ ముందు నుంచి తప్పుకుని ఒక నిద్రో, నాలుగు గంటల దారో గడిస్తే, చూసిందీ దాని చుట్టూ అల్లుకున్నదీ జారిపోతుంది. యుద్ధం రెండో ఏటికి ఆకాశంలో కెమెరాలన్నీ ఇద్దరూ కూల్చేసుకున్నారు కదా. మిగిలినవి మనిషి కళ్ళే. శత్రువు మన ఓడను చూస్తాడు, వెనక్కి వెళతాడు, ఏం చూశాడో చెప్పలేడు. కనిపించకుండా చెయ్యడం కష్టం లింగం. గుర్తుండకుండా చెయ్యడం తేలిక. ఓడలో ఉన్నవాళ్ళకు కనబడకుండా బయటి పక్కలకు వెయ్యాల్సింది అది. నువ్వు లోపల వేశావు."

"భార్గవ గురించి నాకేం చెప్పావు?"

"నాకేం తెలుసు? నాకూ గుర్తులేదు."

"పదిసార్లు చెప్పావట. పోలయ్య చూశాడు."

"వాడి కిటికీలోంచి బల్లే తప్ప గోడ కనబడదు, అందుకే వాడికి నిలిచింది. నేను గోడ గీకి చూసి, నిలవదని తెలుసుకుని చెప్పి ఉంటాను."

"అయితే ఇప్పుడు చెప్పు."

అన్న ఫోను నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చెబితే నిలుస్తుంది."

బయట ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా ఇద్దరం దాన్నే విన్నాం.

"పోనీ ఇంకోసారి ఓడెక్కుదాం," అన్నాడు. "మూడోరోజు చెబుతాను. నువ్వు కాగితం మీద రాసుకో."

నా పుస్తకంలో పగిలిన గుడ్ల లెక్క గుర్తొచ్చింది. నా రాతే, కానీ ఎవరో పక్కింటివాడు రాసినట్టు ఉంటుంది. నా కొడుకు సంగతి అలా చదువుకోవాలా? "వద్దు," అన్నాను. "రంగు తీసేద్దాం. తీసేలోగా నువ్వు చెప్పాలి."

"తీస్తే నీ హాయి ఓడ పోతుంది."

"తెలుసు."

"విన్నాక నువ్వు నన్ను..." అని ఫోటో వైపు చెయ్యి చూపించి ఆపేశాడు. "ఆ చెయ్యి మళ్ళీ వస్తుందని హామీ లేదు."

నేనేం హామీ ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర ఏముందో నాకే తెలియదు.

ఓడను రేవులో కట్టేసి పనివాళ్ళను దింపాను. మూడు రోజులు వరసగా వాళ్ళు పొద్దున్నే వచ్చి, "ఎక్కడ మొదలెట్టమంటారు?" అన్నారు. స్క్రేపర్ల అంచులు మొండిపోయి ఉన్నాయి. ఎవరు మొండి చేశారని వాళ్ళలో వాళ్ళే దెబ్బలాడుకున్నారు. ఒకే గోడను మూడుసార్లు గీకారు, పక్కది ముట్టలేదు. కళ్ళకు గంతలు కట్టుకుని చెయ్యాలని అన్న అంటే, అలా సుత్తి పట్టలేమని వెళ్ళిపోయారు.

మిగిలింది మేమిద్దరం. భోజనాల గదితో మొదలుపెట్టాం. తువ్వాలు మడిచి కళ్ళకు కట్టుకుని, ఎడంచేత్తో తడుముతూ కుడిచేత్తో ఇనుప పలక పట్టి గీకడం. గీకిన చోట ఇనుము గరుకుగా, చల్లగా తగులుతుంది. గీకని చోట వెన్న రాసినట్టు ఉంటుంది. రెండు ఇనుప పలకల చప్పుడు తప్ప ఏమీ లేదు. మధ్యలో పోలయ్య గొంతు: "టీ ఎట్టినాను బావూ, కిటికీ కాడ. సెయ్యి సాపండి. అది నా మొకం, ఇంకాస్త కిందకి."

రెండో రోజు మధ్యాహ్నం అన్న మొదలుపెట్టాడు.

"భార్గవ తక్షణమే పోలేదు."

నా చెయ్యి ఆగింది.

"ఆపకు. గీకుతూ ఉండు. నువ్వు ఆగితే నేను చెప్పలేను."

గీకాను.

"మందుపాతర తగిలి ఓడ వెనక సగం పోయింది. కరెంటు పోయింది, రేడియో పోయింది. ముందు సగం తేలింది. రెండు రోజులు తేలింది. మొదటిరోజు మధ్యాహ్నం వెతకడానికి వెళ్ళిన విమానం దాన్ని చూసింది. రెక్కలు ఊపింది. వీళ్ళు చొక్కాలు ఊపారు. విమానం తిరిగి రావడానికి నాలుగు గంటలు. దిగి, ఏమీ కనబడలేదని రాసిచ్చాడు. అబద్ధం కాదు. అతనికి గుర్తులేదు."

చప్పుడు. రెండు పలకలు.

"రెండో విమానమూ అంతే. అది దిగగానే నాకర్థమైంది. చూస్తూ ఉన్నప్పుడే రేడియోలో చెప్పమంటే చాలు. కానీ ఎందుకో చెప్పాలంటే రంగు సంగతి చెప్పాలి. ఆ సంగతి తెలిసినవాళ్ళం పదకొండు మందిమి. పైకి అనుమతి అడిగాను. అనుమతి వచ్చేదాకా కుర్చీలో కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"తొమ్మిది గంటలు."

"లేచి వెళ్ళి ఆ పైలట్ చెవిలో ఒక్కమాట చెప్పకూడదా?"

"చెప్పొచ్చు. అప్పుడు కూర్చున్నాను." ఆయన పలక ఆగలేదు. "మూడో విమానం చూస్తూనే చెప్పింది. పధ్నాలుగు మందిని తెచ్చారు. అనుమతి రావడానికి మూడు గంటల ముందు దాకా వాడు ఉన్నాడట. పదకొండో రోజుకు వచ్చాను లింగం. మీ వీధి చివరి దాకా వచ్చాను."

తొమ్మిదిలోంచి మూడు తీస్తే ఆరు. చిన్నపిల్లలు చేసే లెక్క. నా చేతిలో ఇనుప పలక ఉంది. అన్న ఎంత దూరంలో ఉన్నాడో చప్పుడును బట్టి తెలుసు. ఈ మాటే పదిసార్లు విని, ఈ గదిలోనే, ఆయన వీపు నిమిరాను. ఆ చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో నాలో వెతికాను. దొరకలేదు. తెల్లారితే మోయనక్కర్లేని బరువును ఎవరైనా భుజానికెత్తుకుంటారేమో. లేక ఆ మూడోరోజు మనిషి నాకన్నా మంచివాడేమో. నాకు తెలియదు.

పలక కిందపడేసి, కళ్ళగుడ్డ విప్పకుండానే తడుముకుంటూ బయటికి వచ్చాను. అన్న పిలవలేదు. వెనక గీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఇంటికి వెళ్ళి వల్లికి చెప్పాను. దాచొచ్చు, ఇన్నాళ్ళూ 'తక్షణమే' అన్న ఒక్కమాట మీద బతికిన మనిషి. కానీ నా ఒక్కడి దగ్గర ఉంచుకోలేకపోయాను. బియ్యం ఏరుతున్నది చాట పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, అన్నను శపిస్తుందనుకున్నాను.

"రెండు రోజులా?" అంది.

"రెండు రోజులు."

"తిన్నాడా?"

నేను చాటలోని బియ్యం వైపు చూశాను.

"అడగలేదా మీరు? వాడు ఆకలికి ఆగలేడని తెలుసు కదా. రెండు రోజులు ఏం తిన్నాడో అడగలేదా?"

మళ్ళీ ఆ ఓడలో అడుగు పెట్టకూడదని, మిగతా గోడలు వేరే ఊరి కూలీలతో గీకించాలని దారిలో నిర్ణయించుకుని ఉన్నాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. అన్న అప్పటికే లోపల ఉన్నాడు, కళ్ళకు తువ్వాలుతో, నేను వదిలేసిన గోడ దగ్గర. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు, తప్పు దిక్కుకు. గుమ్మంలోంచి ఇనుము తేలిన గోడే కనిపిస్తోంది; అయినా అక్కడే నిలబడి కళ్ళు మూసుకున్నాను.

"అన్నయ్యా, వాడు రెండు రోజులూ తిన్నాడా? వల్లి అడగమంది."

పలక ఆగింది.

"నీళ్ళున్నాయి. ఒక డబ్బా బిస్కెట్లున్నాయి. బతికొచ్చినవాళ్ళలో ఒకతన్ని నేను వెతుక్కుని వెళ్ళి కలిశాను. మొదటిరోజు డబ్బా కోసం కొట్టుకోబోయారట. భార్గవ తీసుకుని, 'మాది కొట్టు వ్యాపారమండీ, తూకం నాకొదిలెయ్యండి' అన్నాడట. పందొమ్మిది మందికి సమానంగా వేశాడట. చివరి ముక్క కూడా రెండుగా విరిచాడట."

"వాడి వాటా?"

"తిన్నాడట. లెక్కంటే లెక్కే అన్నాడట."

ఇంటికి వెళ్ళి ఆ మాట వల్లికి చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత చాట దగ్గరకు లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది, కళ్ళు తుడుచుకోకుండానే.

భోజనాల గది, హాలు, నడవాలు, క్యాబిన్లు కలిపి నలభై రోజులు పట్టింది. గీకినన్నాళ్ళూ అన్నతో అవసరమైనదే మాట్లాడాను. కొన్నాళ్ళకు అవసరం లేనివీ ఒకటి రెండు మాట్లాడాను. ఒకరోజు మధ్యాహ్నం కోపం ఆపుకోలేక నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన విన్నాడు. మర్నాడు ఇద్దరికీ అది గుర్తుంది. అయినా వచ్చాడు.

జలవల్లి ఇప్పుడు మామూలు ఓడ. జనం వాంతులు చేసుకుంటారు, దిగాక నన్ను తిడతారు, సగం మంది వేరే ఓడలకు పోయారు. బిస్కెట్లు పంచిన సంగతి తెలిశాక మనసు కుదుటపడిందా అని ఎవరైనా అడిగితే లేదనే చెబుతాను. ఆ ఆరు గంటలు నిద్రలో కూడా వదలవు. అన్నను క్షమించానా అంటే, అదీ లేదు. పదిసార్లు క్షమించినవాణ్ణి ఒక్కసారి ఎందుకు క్షమించలేకపోతున్నానో నాకింకా అర్థం కాలేదు. ప్రయాణంలో మూడురోజులూ ఒకే బల్ల దగ్గర తింటాం. ఉప్పు అందించమంటే నేరుగా నన్నే అడుగుతాడు.

మొత్తం మీద నాకు మిగిలింది ఇది: నా కొడుకు జీవితంలో నాకు తెలియని రెండు రోజులు, అందులో పందొమ్మిది మందికి వాడు వేసిన తూకం. కొన్నప్పుడు ఓడతో అది వస్తుందని తెలియదు. తెలిసి ఉంటే ఎంత పెట్టి కొనేవాణ్ణో చెప్పలేను.